కాపరి కలం: బాయిలర్ ఎక్కడ పెడదాం?



హైదరాబాదు నుండి ఒక సహోదరి ఉత్తరం రాశారు. వాళ్ల ఇంట్లో పాత గీజరు పాడైందట. కొత్తది ఎక్కడ బిగించాలన్న దాని మీద ఆమెది ఒక మాట, భర్తది ఒక మాట, అత్తగారిది ఇంకొక మాట. పది రోజులుగా ఇంట్లో ముఖాలు ముడుచుకునే భోజనాలు జరుగుతున్నాయట. “అయ్యగారూ, ఇలాంటి చిన్న విషయం కూడా ప్రార్థనలో పెట్టాలా, లేక మేమే తేల్చుకోవచ్చా?” అని అడిగారు.

చిన్న విషయమే అని ఒకప్పుడు నేను కూడా అనేవాణ్ణి. 2019 నవంబరులో ఇంగ్లండులోని ఒక తెలుగు ఇంట్లో జరిగినది చూసిన తరువాత ఆ మాట అనడం మానుకున్నాను. ఆ కుటుంబం అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను.

ఆ సంవత్సరం సెప్టెంబరు నుండి జనవరి వరకు బర్మింగ్‌హామ్‌లో తెలుగు విశ్వాసుల కూడికలకు సహాయం చేయమని పిలుపు రాగా వెళ్లాను. ఆదివారం మధ్యాహ్నం ఒక ఇంగ్లీషు సంఘం వారి హాలులో కూడుకునేవాళ్లం. ఎక్కువ మంది ఆసుపత్రుల్లో నర్సులు, కంప్యూటరు ఉద్యోగస్తులు, చదువుకునే పిల్లలు. నేను చెప్పబోయే కుటుంబంలో భార్య నర్సు. భర్త వారంలో నాలుగు రోజులు లండనులో పని చేసి గురువారం రాత్రి ఇల్లు చేరేవాడు. ఆరేళ్ల పాప, ఎనిమిది నెలల బాబు. కోడలు మళ్లీ డ్యూటీకి వెళ్లవలసి ఉండగా, బాబును చూసుకోవడానికి తెనాలి దగ్గర పల్లె నుండి అతని తల్లి వచ్చింది. ఆరు నెలల విజిటర్ వీసా. మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లు ఎక్కలేదు గనుక కింద వెనుక గదిలోనే ఆమెకు మంచం వేశారు. ఆ గదే ఇంట్లో అన్నిటికన్నా వెచ్చని గది.

ఎందుకు వెచ్చనిదో చెప్పాలి. మన వైపు బాయిలర్ అంటే నీళ్లు కాచుకునే రాగి బాయిలర్, మధ్యలో బొగ్గులు వేసేది. లేదా రైసు మిల్లు బాయిలర్. అక్కడ ఇంటింటికీ ఒక బాయిలర్ ఉంటుంది. వీధి గొట్టంలో వచ్చే గ్యాసుతో అది నీళ్లు కాచి, ఇల్లంతా గోడలకు బిగించిన ఇనుప రేడియేటర్లలోకి పంపుతుంది. స్నానానికీ, గిన్నెలు కడగడానికీ వేడి నీళ్లు దాని పుణ్యమే. చలికాలంలో అది ఆగిందంటే పసిపిల్లలకు, ముసలివాళ్లకు కష్టమే. దావీదు అంతటి రాజుకు ముసలితనంలో ఎన్ని బట్టలు కప్పినా వెట్ట పుట్టలేదని రాజుల మొదటి గ్రంథం ఆరంభంలోనే ఉంది గదా. ఆ వాక్యం యెరూషలేము చలికి. బర్మింగ్‌హామ్ చలి ఇంకొక రకం.

వాళ్లు ఆ వేసవిలోనే కొన్న ఇల్లు 1930ల నాటిది. అలాంటి ఇళ్లలో చాలావాటికి 1970, 80లలో ఒక ఏర్పాటు చేశారు. పూర్వం బొగ్గులు కాల్చిన నిప్పుగూడులో ముందు గ్యాసు మంట, దాని వెనుక గోడ గూటిలో దాగి ఉండే బాయిలర్. దీనికి గాలి గదిలో నుండే కావాలి, పొగ పాత చిమ్నీ గుండా పైకి పోవాలి. అందుకే ఆ గదికి గోడలో ఒక జాలీ పెడతారు. అది మూయకూడదు.

అది మూసింది ఎవరో తెలుసా? కొడుకే. రాత్రిపూట ఆ జాలీలో నుండి చల్లగాలి వచ్చి అమ్మ కాళ్ల మీద పడుతోందని, అట్టముక్క కోసి, చుట్టూ టేపు వేసి శుభ్రంగా మూసేశాడు. నాకు చూపించాడు కూడా. “మంచి పని చేశావు నాయనా” అన్నాను.

అక్టోబరు చివరి నుండి ఆ పెద్దావిడకు తలనొప్పి మొదలైంది. పొద్దున లేవగానే కళ్లు తిరగడం, వికారం, ఎప్పుడూ నిద్రమత్తు. జ్వరం లేదు. బి.పి. చూశారు, మందు మార్చారు. వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు నేను ఆమె పక్కన కూర్చుని, “ఇల్లు వదిలి ఇంత దూరం వచ్చారు, అది బెంగమ్మా” అన్నాను. కీర్తనలు చదువుకోమన్నాను. తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాను. నేను ప్రార్థిస్తున్నంత సేపూ, మంచానికి ఆరడుగుల దూరంలో, ఆ గ్యాసు మంట పసుపుపచ్చగా, మెత్తగా ఊగుతూ ఉంది. చూడటానికి దీపంలా అందంగా ఉందనుకున్నాను. గ్యాసు మంట నీలంగా ఉండాలనీ, పసుపుపచ్చగా సోమరిగా ఊగితే అది సరిగా కాలడం లేదనీ నాకు తెలియదు. దాని పైన గోడకు గోధుమరంగు మరక పడి ఉంది. కిటికీ అద్దాల నిండా చెమట. అన్నీ చూశాను, ఏదీ గ్రహించలేదు.

పట్టుకున్నది కోడలు. ఆమె ఆదివారాలను గమనించింది. ఆదివారం పన్నెండింటికి ఇంటి నుండి బయలుదేరితే, ఆరాధన, ప్రేమవిందు అయ్యి తిరిగి వచ్చేసరికి ఆరు దాటుతుంది. ఆ సాయంత్రం అత్తగారికి తలనొప్పి ఉండదు. సోమవారం పొద్దున మళ్లీ మామూలే. “అయ్యగారూ, మందిరానికి వస్తే తగ్గుతోంది” అని ఆమె అన్నప్పుడు నేను సంతోషించి స్తోత్రం చెప్పాను. ఆమె స్తోత్రం చెప్పలేదు, ఆలోచించింది. సెలవు రోజుల్లో పగలంతా ఇంట్లో ఉంటే తనకూ తల దిమ్ముగా ఉంటోంది. బాబు కూడా మామూలు కన్నా ఎక్కువ నిద్రపోతున్నాడు.

వేలికి పెట్టే చిన్న మిషన్ తెచ్చి అత్తగారికి పెట్టింది. ఆక్సిజన్ 98 చూపించింది. వేరే ఎవరైనా అయితే అక్కడితో ఊరుకునేవారు. అయితే ఆ మిషన్ రక్తంలో ఆక్సిజన్ పట్టుకున్న కణానికీ, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న కణానికీ తేడా చెప్పలేదని ఆమె చదువులో నేర్చుకుంది. ఆ విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దాని కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. ఆ రాత్రే గ్యాసు ఆపేసి, కిటికీలు తెరిచి, పిల్లలకు కోట్లు తొడిగి, అత్తగారితో సహా అందరినీ ఆసుపత్రికి తీసుకుపోయింది. రక్తపరీక్షలో బయటపడింది. ముసుగు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. బాబుకు అంతగా ఎక్కలేదు, ఎందుకంటే రాత్రిళ్లు వాడు పైన తల్లి గదిలో పడుకునేవాడు. దేవునికి స్తోత్రం.

మరునాడు వచ్చిన గ్యాసు ఇంజనీరు చిమ్నీలో దీపం వేసి చూశాడు. పక్షి గూడు, రాలిన ఇటుక పెళ్లలు. పైన పొగ పోయే దారి సగం మూసుకుంది, కింద గాలి వచ్చే దారి పూర్తిగా మూసుకుంది. బాయిలర్‌కు తక్షణ ప్రమాదం అని ఎర్ర చీటీ కట్టి, గొట్టం విడదీసి పోయాడు. ఆ దేశంలో గ్యాసు పని ఎవరు పడితే వారు చేయకూడదు. 2009 ఏప్రిల్ నుండి గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్నవాళ్లే చేయాలి, కార్డు చూపించమని అడిగే హక్కు ఇంటివాళ్లకు ఉంది. అతను ఇంకొక మాట కూడా అన్నాడట: ఈ గదిని ఎవరో పడకగది చేశారు గాని, ఆ సంగతి బాయిలర్‌కు చెప్పలేదు అని.

కొడుకు ఆ అట్టముక్కను గోడ నుండి పీకి చేతిలో పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాడు. నేను వెళ్లేసరికి అలాగే ఉన్నాడు. అతనికి ఏ వాక్యం చెప్పాలో నాకు తోచలేదు. “మంచి పని చేశావు” అన్నవాణ్ణి నేనే గదా.

ఆ తరువాత తొమ్మిది రోజులు ఆ ఇంట్లో వెచ్చదనం లేదు. సంఘస్తులు కరెంటు హీటర్లు తెచ్చి ఇచ్చారు. నా గదిలోది నేను ఇచ్చేశాను. ఇందులో గొప్పేమీ లేదు, నాకు రెండు రగ్గులున్నాయి. ఓడ పగిలి తడిసి వణుకుతూ వచ్చిన పౌలుకు, అతనితో ఉన్నవాళ్లకు మెలితే ద్వీపవాసులు మొదట చేసిన ఉపచారం మంట వేయడమే. అపొస్తలుల కార్యములు 28లో చూడండి. పక్కింటి ఇంగ్లీషు ముసలాయన ఒక హీటరు, ఒక డబ్బా బిస్కట్లు పట్టుకొచ్చి గుమ్మంలో పెట్టి, లోపలికి రమ్మంటే రాకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. కొత్త బాయిలర్ ఎక్కడ పెట్టాలి?

పాత చోట పెట్టే ఆలోచన మొదటే పోయింది. 2005 నుండి ఇంగ్లండులో కొత్తగా పెట్టే గ్యాసు బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకంవి. పాతవి పొగతో పాటు బయటికి వదిలేసే వేడిని కూడా ఇవి నీళ్లకు పట్టిస్తాయి. అలా చల్లబడిన పొగలో నుండి కొద్దిగా పుల్లని నీరు చుక్కలు చుక్కలుగా దిగుతుంది, దానికి కాలువ కావాలి. గాలిని గదిలో నుండి కాక బయటి నుండే తీసుకుని, పొగను బయటికే వదిలే మూసిన పెట్టె ఇది. గనుక బయటి గోడ గాని పైకప్పు గాని దగ్గరలో ఉండాలి. గది మధ్య నిప్పుగూడులో ఈ రెండూ కుదరవు.

శనివారం సాయంత్రం ఇంజనీరు టేపూ టార్చిలైటూ పట్టుకుని గంటసేపు ఇల్లంతా తిరిగాడు. ఆ తరువాత వంటగది బల్ల దగ్గర కుటుంబమంతా కూర్చున్నారు. టీ తాగే నిమిత్తం నేనూ ఉన్నాను.

భర్తకు అటక మీద పెట్టాలని ఉంది. కంటికి కనబడదు, చోటు తినదు, ఆఫీసులో స్నేహితుడు అలాగే పెట్టించాడు. ఇంజనీరు కాదనలేదు. అయితే అటక మీద పెడితే కింద గట్టి పలకలు పరచాలి, దీపం పెట్టాలి, ఎక్కడానికి బిగించిన నిచ్చెన ఉండాలి, అటక రంధ్రం చుట్టూ అడ్డుకమ్మి కట్టాలి, లేకపోతే సర్వీసుకు వచ్చినవాడు పైకి ఎక్కనంటాడు. అటక ఇంట్లోకెల్లా చల్లని చోటు గనుక గొట్టాలన్నిటికీ దుప్పటి చుట్టినట్టు చుట్టాలి. ఖర్చు పెరుగుతుంది.

భార్య ఒప్పుకోలేదు, అలాగని వంటగదికీ ఒప్పుకోలేదు. వంటగదిలో బయటి గోడకు ఉన్న ఒకే ఒక్క పెద్ద అలమర ఆమెది. బియ్యం బస్తాలు, పప్పులు, అత్తగారు తెచ్చిన ఆవకాయ, గోంగూర జాడీలు అందులోనే. అది పోతే ఎక్కడ పెట్టుకోను అంది. మగవాళ్లకు ఈ బాధ అర్థం కాదు, గాని వంటగదిలో అలమర అంటే ఒక ఎకరం పొలం లాంటిది. పై అంతస్తులో స్నానాలగది పక్కన పాత వేడినీళ్ల సిలిండరు ఉన్న గూడులో పెట్టమంది. కాంబి రకం బాయిలర్ పెడితే నీళ్లు అప్పటికప్పుడు కాగుతాయి గనుక ఆ సిలిండరూ, అటక మీద తొట్టీ రెండూ పోతాయి, ఆ గూడు ఖాళీ అవుతుంది. మంచి ఆలోచనే. అయితే ఆ గూటికి బయటి గోడ లేదు, పొగగొట్టం పైకప్పు దాకా పోవాలి. కాంబికి పాతదాని కన్నా ఎక్కువ గ్యాసు ఒక్కసారిగా కావాలి గనుక మీటరు నుండి పై అంతస్తు వరకు లావు గొట్టం కొత్తగా వేయాలి. పైగా కింద వంటగది కుళాయి తిప్పిన ప్రతిసారీ దారిలో ఉన్న చల్లనీళ్లన్నీ పోయాకే వేడినీళ్లు దిగుతాయి. బాబు పాలసీసాలు రోజుకు ఎన్నిసార్లు కడుగుతారో లెక్కేసుకోండి. పాప గది దానికి ఆనుకునే ఉంది. మూసిన పెట్టె గనుక ప్రమాదం లేదని ఇంజనీరు చెప్పినా తల్లి ముఖంలో రంగు మారింది. వారం క్రితం జరిగినది అలాంటిది.

మెట్ల కింద? ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు. రాత్రి ఏదైనా అంటుకుంటే అందరూ దిగి రావలసిన దారి అదే.

ఇంతలో భర్తకు హైదరాబాదు నుండి ఒక బంధువు ఫోను. అగ్ని సంబంధమైనది గనుక ఆగ్నేయ మూలలోనే పెట్టండి, ఎందుకైనా మంచిది అని. వాస్తు మనకు లేదని వేదిక మీద గట్టిగా చెప్పే నేను, ఆ వంటగది ఏ మూలన ఉందో ఒక్క క్షణం మనసులో లెక్కవేసుకున్నానని ఒప్పుకుంటాను. తరువాత నవ్వుకున్నాను.

మాట మాట పెరిగింది. “ఏమండీ, మీరు వారంలో నాలుగు రోజులు ఉండరు, మీకేం తెలుస్తుంది?” అని భార్య. “నెలనెలా కంతు కట్టేది నేను గదా” అని భర్త. ఇద్దరూ చదువుకున్నవాళ్లు, మంచివాళ్లు, ప్రార్థనాపరులు. కాపరిగా నేనేదో ఒకటి చెప్పాలని గొంతు సవరించుకున్నాను.

అప్పుడు మూలన బాబును ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ అడిగింది: “ఆ మిషను ఆగిపోతే నేనెక్కడికెళ్లి చూడాల్రా అబ్బాయ్?”

ఎవరూ మాట్లాడలేదు. అంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు. ఫిబ్రవరిలో వెళ్లిపోయే మనిషి గదా అని కాబోలు. పొద్దున ఏడింటికి కోడలు డ్యూటీకి పోయి, పాప స్కూలుకు పోయి, కొడుకు లండనులో ఉంటే, ఆ ఇంట్లో పగలంతా ఉండేది ఆమె, పసివాడు. ఇంగ్లీషు రాదు, మెట్లెక్కలేదు. ఇలాంటి బాయిలర్లలో నీటి ఒత్తిడి అప్పుడప్పుడు తగ్గుతుంది. తగ్గితే ఆగిపోతుంది. కింద ఉన్న చిన్న కుళాయి కొద్దిగా తిప్పి ముల్లు మళ్లీ 1కి, 1.5కి మధ్యకు తెస్తే చాలు, రెండు నిమిషాల పని. అది అటక మీద ఉంటే ఆమెకు అది చంద్రమండలం మీద ఉన్నట్టే.

కొడుకు కాసేపు తల వంచుకుని, “వంటగదిలోనే పెడదాం” అన్నాడు. కోడలు లేచి అలమర తలుపు తెరిచి ఆవకాయ జాడీలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టడం మొదలుపెట్టింది. నేను సవరించుకున్న గొంతు అలాగే ఉండిపోయింది.

చోటు కుదిరాక కూడా కొలతలున్నాయి. పొగ బయటికి వచ్చే మూతి తెరుచుకునే కిటికీకి కనీసం 300 మిల్లీమీటర్ల దూరం ఉండాలి. వాళ్ల వంటగది కిటికీకి ఆ దూరం సరిపోయింది గాని, గోడ అవతల పక్కింటి ముసలాయన నడిచే సన్నని సందు ఉంది. కండెన్సింగ్ బాయిలర్ చలికాలంలో తెల్లని ఆవిరి మబ్బులా వదులుతుంది. అది ఆయన ముఖానికి కొడుతుంది. నిబంధన ప్రకారం ఎంతవరకు చెల్లుతుందో చూద్దామని భర్త అనబోయి, హీటరూ బిస్కట్ల డబ్బా గుర్తొచ్చి ఆగాడు. వెళ్లి ఆయనను అడిగాడు. చివరికి మూతికి ఇంకొక గొట్టం తగిలించి ఆవిరిని చూరు దగ్గర, తోట వైపుకు తిప్పారు. అదనపు ఖర్చు అయింది. ముసలాయన ఈసారి లోపలికి వచ్చి టీ తాగాడు.

పుల్లని నీటి గొట్టాన్ని బయటికి తీయకుండా లోపలే సింకు కాలువలో కలిపారు. 2010 డిసెంబరులో ఆ దేశాన్ని పట్టిన మంచులో, బయట వేసిన సన్నని గొట్టాలు గడ్డకట్టి ఎన్నో ఇళ్లలో బాయిలర్లు ఆగిపోయాయట, సరిగ్గా అవసరమైన రోజునే. బయట వేయక తప్పకపోతే లావు గొట్టం వేసి చలి తగలకుండా చుట్టాలి.

విషవాయువు అలారం కూడా పెట్టారు, బాయిలర్‌కు ఒకటి నుండి మూడు మీటర్ల దూరంలో. అప్పటికి సొంత ఇంటివాళ్లకు అది వాళ్ల ఇష్టం. 2022 అక్టోబరు నుండి ఇంగ్లండులో కొత్త బాయిలర్ పెడితే అలారం తప్పనిసరి. మొత్తం మూడు వేల పౌండ్ల పైన అయింది. వాళ్లు దాచుకున్నది కారు కోసం.

ద్వితీయోపదేశకాండము 22:8 నేను చదువుకునే రోజుల్లో పరీక్షకు కంఠస్థం చేసిన వాక్యం. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ పెట్టాలి, ఎవడైనా పడిపోతే ఆ ప్రాణం ఆ ఇంటి మీదికి వస్తుంది. పిట్టగోడ ఎత్తు ఎంతో అక్కడ లేదు. ఎవరూ పడకుండా ప్రార్థించమని కూడా లేదు. దేవుడు ధర్మశాస్త్రం ఇస్తూ ఇంటి మేస్త్రి సంగతి కూడా తన లెక్కలో పెట్టుకున్నాడని నాకు ఆ నవంబరులో గాని తెలియలేదు.

జనవరి చివర తిరిగి వచ్చాను. వచ్చిన మర్నాడు స్నానానికి వెళ్లి మా పార్సనేజీలో గ్యాసు గీజరు కేసి చూశాను. ఆరేళ్ల క్రితం నేనే దగ్గరుండి బాత్‌రూము లోపల బిగించుకున్నది. తలుపు గట్టిగా పడుతుంది. పైన వెంటిలేటరుకు దోమలని ప్లాస్టిక్ షీటు కొట్టాం. అంటే నేనూ అట్టముక్క వేసినవాణ్ణే. మా అమ్మాయి తలస్నానం రోజున అరగంట లోపలే ఉంటుంది. ఆ పూట చన్నీళ్లు పోసుకుని, ప్లంబరు కోసం మనిషిని పంపాను.

మన రాష్ట్రాలలో శీతకాలం వచ్చిందంటే ఈ ప్రమాదం ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది. మన గ్యాసు గీజరు అక్కడి బాయిలర్ లాగా మూసిన పెట్టె కాదు. గదిలో గాలినే తిని, గదిలోకే పొగ వదులుతుంది. మూసిన బాత్‌రూములో కొన్ని నిమిషాల్లోనే మనిషి అరవకుండానే కూలిపోతాడు. అలాగే ఏజెన్సీ ప్రాంతాల్లోనూ, ఆదిలాబాదు వైపూ చలికి కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు బిగించుకుని పడుకోవడం. మా సంఘంలోనే ఇది ఉంది గనుక రాస్తున్నాను.

కాబట్టి ఉత్తరం రాసిన సహోదరికి నా జవాబు. మీది గ్యాసు గీజరు అయితే మీ ముగ్గురిలో ఎవరి మాటా నెగ్గనక్కరలేదు. అది బాత్‌రూము బయట, గాలి ఆడే బాల్కనీలోనో వెనుక వసారాలోనో ఉండాలి, సిలిండరుతో సహా. లోపలికి వేడినీళ్ల గొట్టం ఒక్కటే రావాలి. ఎగ్జాస్టు ఫ్యాను ఉంది గదా అనుకోకండి, స్విచ్ వేయడం మరిచే రోజు ఒకటి ఉంటుంది. కరెంటు గీజరు అయితే మీ తగవుకు చోటుంది. నీళ్లు నిండిన పాతిక లీటర్ల గీజరు చాలా బరువు, గనుక గట్టి ఇటుక గోడకే బిగించండి. పదహారు ఆంపియర్ల ప్లగ్గు, మంచి ఎర్తు ఉండాలి. ఒత్తిడి విడిచే వాల్వు చుక్కలు కారుతోందని దానికి బిరడా కొట్టకండి. స్విచ్ తడి చేతికి అందని చోట ఉండాలి. కుళాయికి దగ్గరగా పెడితే నీళ్లు మిగులుతాయి.

ఇక ప్రార్థన చేయాలా అన్నారు. చేయండి. అయితే దానికి ముందు మీ అత్తగారు అక్కడే ఎందుకు పెట్టమంటున్నారో కూర్చోబెట్టి అడగండి. ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆమె కారణం అందులో ఎక్కడా లేదు.

ఆ తెనాలి పెద్దావిడ 2020 ఫిబ్రవరిలో తిరిగి వచ్చేసింది. వచ్చే ముందు రోజు, బాయిలర్ ముల్లు ఎక్కడ ఉండాలో మనవరాలు గోళ్ల రంగుతో అద్దం మీద రెండు గీతలు గీసి పెట్టిందట, నాన్నమ్మ లేనప్పుడు నాన్నకు తెలియాలి గదా అని. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె కొడుక్కు ఫోను చేస్తుంది. ఆరోగ్యం, పిల్లలు, వాక్యం ఏం చెప్పారు, అన్నీ అయ్యాక ఒక ప్రశ్న అడుగుతుంది. “ముల్లు గీతల మధ్యలోనే ఉందా?” అతను ఫోను పట్టుకుని వంటగదిలోకి వెళ్లి చూసి వచ్చి చెప్పేదాకా పెట్టెయ్యదు.